మీటరు కింద ఖాళీ జాగా

షార్జా రోలాలోని ఆ పాత బిల్డింగులో శ్రీదుర్గ పాలు పొంగించిన రోజునే మూడో అంతస్తు మొత్తం చీకటైపోయింది.

సాయంత్రం వేళ. శ్యాంప్రసాద్ డ్యూటీ నుంచి వచ్చి వేడినీళ్లు కావాలన్నాడు. అతనిది చేపలు దాచే కోల్డ్ స్టోరేజీలో పని. పొద్దస్తమానం మంచుపెట్టెల మధ్య తిరిగి వస్తాడు కాబట్టి ఇంటికొచ్చాక భోజనం కన్నా ముందు వేడినీళ్లే అడుగుతాడు. శ్రీదుర్గ గీజరు స్విచ్చి వేసి, వంటింట్లోకి వెళ్లి కరెంటు పొయ్యి మీద పప్పు పెట్టింది. పప్పు ఇంకా పొంగన్నా రాలేదు, ఎక్కడో టప్పుమని చప్పుడైంది. అంతే. వరండా పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. మలయాళంలో ఒకరు, బెంగాలీలో ఒకరు, ఉర్దూలో ఇంకొకరు గొంతెత్తారు. భాషలు వేరైనా అందరూ తిడుతున్నది తమనేనని ఆమెకు అర్థమైపోయింది.

బిల్డింగు చూసుకునే నాతూరు రహమతుల్లా టార్చిలైటుతో మెట్లెక్కి వచ్చాడు. వరండా చివరనున్న రేకు బీరువా తెరిచి లైటు వేశాడు. లోపల వరసగా మీటర్లు. ఒక్కో మీటరు కింద అరచేయంత తెల్లడబ్బా, దాని మీద గడియారంలా మెల్లగా తిరిగే చక్రం. శ్రీదుర్గ వాళ్ల మీటరు కింద మాత్రం డబ్బా లేదు. ఉత్త తీగలు మెలిపెట్టి, నల్లటేపు చుట్టి వదిలేసి ఉన్నాయి.

"అక్కా, గీజరేమన్నా ఏసినారా?" అన్నాడు రహమతుల్లా.

"వేశాను. వెయ్యకూడదా ఏంటి?"

"ఈ టైంలో ఎయ్యకూడదక్కా. పాత బిల్డింగు, మెయిన్ లైను సన్నది. అందరూ వంట చేసుకునేటప్పుడు గీజర్లు గూడా తిరిగితే తట్టుకోలేదు. అందుకనే మా ముదీర్, అదే బిల్డింగు మేనేజరు, ఫ్లాటుకొక టైమరు పెట్టించినాడు. అందరూ పండుకున్నంక గీజరు దానంతకదే ఆన్ అయితాది, తెల్లారేతలికి ఆగిపోతాది. కాగిన నీళ్లు మాపటిదాంకా ఎచ్చగానే ఉంటాయి."

"మరి మాదేదీ?"

రహమతుల్లా తల గోక్కున్నాడు. "అదే నాకూ తెలీలేదక్కా. ఆ ఫ్లాటు ఖాళీ అయినప్పుడు నేను రాయచోటిలో ఉంటి, సెలవు మీద. వెనకటాయనే పీక్కోని పోయింటాడు. యాడికి పోయినాడో, ఫోన్ నెంబరు గూడా మార్చేసినాడు."

అక్కడి నుంచే ముదీర్‌కి ఫోన్ చేశాడు. ముదీర్ అటునుంచి ఏదో గట్టిగా అన్నాడు. టైమరు తెచ్చుకుని బిగించుకునేదాకా గీజరు ఖలాస్ అని దాని సారాంశం. రహమతుల్లా మొహం చిన్నబుచ్చుకుని, గీజరు ఫ్యూజు ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఎండాకాలంలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చుర్రుమంటాయని శ్యాంప్రసాద్ చెబితే శ్రీదుర్గ నవ్వింది. ఇది డిసెంబరు. పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్లు ఒంటి మీద సూదుల్లా పడుతున్నాయి. సామర్లకోట నుంచి కొత్తగా కాపురానికొచ్చిన మనిషి, ఆ చలికి రెండు పూటలా తుమ్ములే తుమ్ములు. ఇంట్లో ఉన్న పెద్ద గిన్నెతో పొయ్యి మీద నీళ్లు కాచి, బాత్రూంలోకి జాగ్రత్తగా మోసుకెళ్లి, భర్త తానమయ్యేసరికి మళ్లీ ఇంకో గిన్నె పెట్టేది. అన్నం వండాలంటే ఆ నీళ్లు దిగేదాకా ఆగాల్సిందే.

అలా నీళ్లు మోసిన ప్రతిసారీ వెనకటాయన్ని తిట్టుకునేది. ఆయన రూపం కూడా ఆమె మనసులో కుదిరిపోయింది. బుర్రమీసాలు, వేళ్లకి ఉంగరాలు, బానపొట్ట. వెళ్లిపోతూ వెళ్లిపోతూ గోడల కేసి ఇంకేం మిగిలాయా అని చూసుకునే రకం. పరదా కట్టే కమ్మీ లేదా? ఆయనే పట్టుకుపోయాడు. తలుపు కొక్కెం లేదా? ఆయనే. బాత్రూంలో అద్దం తన చేతిలోనే జారి పగిలితే కూడా, "నాసిరకం అద్దం మనకి వదిలిపెట్టి పోయేడండీ మహానుభావుడు" అంది. శ్యాంప్రసాద్ నవ్వాపుకోలేక తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

టైమరు కోసం సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ రోలా వీధులన్నీ తిరిగారు. ప్రతి ఎలక్ట్రికల్ కొట్టులోనూ గోడ ప్లగ్గుకి పెట్టుకునే చిన్న టైమర్లు చూపించేవారు. అవి గీజరు లోడుకి ఆగవట. మీటరు కింద బిగించేది ఇప్పుడు రావట్లేదన్నాడొకడు. రప్పిస్తాను, పెళ్లిరోజుకి వేడినీళ్లు పోసుకుందురుగాని అని ఎగతాళి చేశాడు ఇంకొకడు. చివరికి బస్టాండు దగ్గర ఓ మలయాళీ కొట్టాయన, వీళ్లు చెప్పింది విని గడ్డం నిమురుకున్నాడు.

"మీరడిగేలాంటిది అమ్ముతానని మొన్నామధ్య ఒకాయన వచ్చాడు. నాకెందుకంటే, నెంబరిచ్చి పోయాడు. మీ మనిషిలాగే ఉన్నాడు," అని హిందీలో చెప్పి, తన ఫోన్‌లోంచే నెంబరు కలిపి శ్యాంప్రసాద్ చేతికిచ్చాడు.

అవతలి గొంతు మొదట హిందీలో పలికింది. శ్యాంప్రసాద్ యాస వినగానే తెలుగులోకి దిగింది. పేరు ఆదిశేషు. ఊరు రాజోలు దగ్గర. ఏసీలు బాగుచేసే పని. ఉండేది అజ్మాన్‌లో. టైమరు ఉందండీ, మంచి కండిషన్లో ఉందండీ అన్నాడు. ఇల్లెక్కడని అడిగితే శ్యాంప్రసాద్ బిల్డింగు పేరు, అంతస్తు, ఫ్లాటు గుర్తులు చెప్పాడు.

అవతలి మనిషి ఆ గుర్తులన్నీ మళ్లీ ఒకసారి చెప్పించుకున్నాడు.

"ఆయ్," అన్నాడు చివరికి ఆదిశేషు. "ఆ ఫ్లాటు నాకు తెలుసండి. శుక్రవారం నేనే వచ్చి బిగించేసి వెళ్తానండి."

ఫోన్ పెట్టేశాక శ్యాంప్రసాద్ భార్య మొహం చూశాడు. "నీ బుర్రమీసాలాయన దొరికేడే," అన్నాడు.

శుక్రవారం పొద్దెక్కాక తలుపు కొట్టారు. శ్రీదుర్గ నాలుగు మాటలు అడిగేద్దామని నడుం బిగించుకునే తీసింది. ఎదురుగా మీసాల్లేవు, ఉంగరాల్లేవు. కళ్లద్దాలు పెట్టుకుని, పనిముట్ల సంచి చంకన పెట్టుకుని, సన్నగా ఉన్న ఓ పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఆయన వెనక, గుమ్మం నిండా ఆయన భార్య నాగరత్నమ్మ. ఆవిడ చెప్పులు విడిచి చొరవగా లోపలికొచ్చి, వంటింట్లోకి తొంగిచూసి, "అయ్యో, పొయ్యి ఇటు పెట్టేరేంటమ్మా, తాలింపు పొగంతా హాల్లోకొచ్చేయదూ?" అంది.

శ్రీదుర్గకి ఒళ్లు మండింది. ఆ మంటలో ఆదిశేషునే అడిగేసింది.

"ఏవండీ, మీరు ఆ టైమరు పట్టుకెళ్లిపోతే వెనకొచ్చేవాళ్లు ఏమైపోతారని మీకు అనిపించలేదాండీ?"

"అనిపించిందండి," అన్నాడాయన తొణక్కుండా. "కానీ అది నాదండి. ముదీర్ ఇచ్చింది కాలిపోయింది. ఎప్పుడడిగినా బుక్రా, బుక్రా అనేవాడు. రేపు అన్న ఆ రేపు రాలేదండి. నేనే కొనుక్కున్నాను, నేనే బిగించుకున్నాను. అద్దె పెంచి ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు నా సామానుతోపాటే అదీ పట్టుకెళ్లాను. గోడకి కొట్టిన మేకంటే వదిలేస్తాం గానండి, మేక్కున్న గడియారం వదిలేస్తామాండి?"

శ్రీదుర్గకి సామర్లకోటలో అద్దిల్లు మారినప్పుడు వాళ్ల నాన్న తను బిగించిన గడియ కూడా స్క్రూలు విప్పి తెచ్చుకున్న సంగతి గుర్తొచ్చి, ఉన్నట్టుండి నవ్వొచ్చేసింది. "కూర్చోండి, కాఫీ తాగి మొదలెడుదురుగాని," అంది.

కాఫీ కలిపి తెచ్చేసరికి నాగరత్నమ్మ హాల్లో లేదు. బాల్కనీలోంచి కేక వినపడింది.

"ఏవండోయ్, ఇలా రండి! బతికే ఉంది నా తల్లి!"

బాల్కనీ మూల పెద్ద డబ్బాలో కరివేపాకు మొక్క ఉంది. ఇల్లు మారిననాడు నాగరత్నమ్మ దాన్ని వ్యానులో చోటు చాలక వదిలేసి వెళ్లిందట, దారి పొడుగునా ఏడ్చిందట. శ్రీదుర్గ మాత్రం అది ఫ్లాటుతోపాటు వచ్చిందే అనుకుని రోజూ నీళ్లు పోస్తోంది, రోజూ తాలింపులోకి రెబ్బలు తుంచుకుంటోంది. సామర్లకోట వదిలి వచ్చాక ఈ ఊళ్లో ఆమెకు నచ్చిన మొదటి వస్తువు ఆ మొక్కే.

"ఇది నాదమ్మా. ఊర్నించి విత్తనం తెచ్చి మొలిపించేను," అంది నాగరత్నమ్మ, ఆకులు నిమురుతూ.

శ్రీదుర్గకి ఇంతకుముందు తను వేసిన ప్రశ్నకి ఆదిశేషు ఇచ్చిన జవాబు ఇంకా చెవుల్లోనే ఉంది. వెనక శ్యాంప్రసాద్ దగ్గుతున్నట్టు నటిస్తున్నాడు.

"మీదైతే తీసుకెళ్లండి పిన్నిగారూ," అంది కష్టంమీద.

నాగరత్నమ్మ ఆమె మొహం కేసి చూసింది, మొక్క కేసి చూసింది, బాల్కనీలో పడుతున్న ఎండ కేసి చూసింది.

"ఎక్కడికి తీసుకెళ్లను? మాకిప్పుడున్నది ఒక్క కిటికీ గది. ఆ కిటికీలోంచి కూడా అవతల బిల్డింగు గోడే కనపడుద్ది. పెద్దదాన్ని అక్కడ చంపుకోలేను గానీ, ఓ గరిటె ఉంటే ఇయ్యి. మొదలు దగ్గర పిలక లేచింది, అది తీసుకుంటాను."

ఇద్దరూ నేలమీద చతికిలబడి, పాలపొడి డబ్బాలో మట్టి పోసి, వేరు తెగకుండా పిలక తీశారు. ఆ కాసేపట్లోనే ఏ కొట్లో మంచి చింతపండు దొరుకుతుందో, ఏ బస్సెక్కితే గుడికి వెళ్లొచ్చో, పొయ్యి ఏ మూల పెడితే పొగ బయటికి పోతుందో నాగరత్నమ్మ చెప్పేసింది. శ్రీదుర్గ ఈసారి మండిపడలేదు. మట్టిచేతులతోనే లేచి పొయ్యి మార్చడానికి చెయ్యేసింది.

వరండాలో రహమతుల్లా మెయిన్ ఆపి టార్చి పట్టుకున్నాడు. ఆదిశేషు టేపు విప్పి, తీగల కొసలు గీకి శుభ్రం చేసి, తెల్లడబ్బా దాని పాత చోటులోనే బిగించాడు. శ్రీదుర్గని పిలిచి చక్రం చూపించాడు. "ఈ పుల్ల గుచ్చిన దగ్గర ఆన్ అవుద్దమ్మా, ఈ పుల్ల దగ్గర ఆగిపోద్ది. కరెంటు పోయి వస్తే చక్రం వెనకబడుద్ది, అప్పుడు వాచీ చూసి సరిచేసుకోవాలి." అమ్మితే కొట్టువాడు ఎంతిచ్చేవాడో అంతే తీసుకున్నాడు. బిగించినందుకు మాత్రం ఏమీ వద్దన్నాడు.

రహమతుల్లా జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు. వంటల వేళ కాదు కాబట్టి పరీక్షకని ఆదిశేషు చక్రాన్ని చేత్తో తిప్పాడు. టిక్కుమంది. లోపల గీజరు ఎర్రలైటు వెలిగింది.

నీళ్లు కాగగానే శ్యాంప్రసాద్ తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూంలో దూరాడు. పదాలన్నీ తప్పులతో ఏదో పాట మొదలైంది. అది అయిపోయి ఇంకోటి మొదలైంది. హాల్లో కూర్చున్నవాళ్లు నవ్వుకుంటున్నారు. ఎంతకీ రాకపోయేసరికి రహమతుల్లా తలుపు తట్టాడు.

"సార్, లైనైతే తట్టుకుంటాది గానీ ట్యాంకు తట్టుకోదు! మిగతావాళ్లకీ రోంత నీళ్లుండనీండి!"

వెళ్తూ నాగరత్నమ్మ గుమ్మంలో ఆగింది. "వచ్చే శుక్రవారం మీరే రావాలి మా ఇంటికి. పులస దొరకదు గానీ, ఇక్కడి చేపతోనే పులుసు పెడతాను."

"చేపలు మా ఆయన తెస్తారు పిన్నిగారూ," అంది శ్రీదుర్గ. ఆ తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, తలారా నీళ్లు పోసుకోవాలన్న తొందర కూడా మర్చిపోయి, కిందిదాకా దిగి టాక్సీ ఎక్కించి వచ్చింది.