రెండింటి నుంచి నాలుగింటి దాకా

బెల్లు మీదికి వెళ్ళిన వేలు అక్కడే ఆగిపోయింది. ఆ ఉదయానికి అది పదమూడో తలుపు. లోపల ఎవరో నవ్వుతున్నారు. గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఒక చిన్నపిల్ల ఏదో పాట అందుకుని, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికి వస్తోంది. ముని గుటక మింగాడు. మెడకు బిగించిన టై ముడి ఆ గుటకతో పాటు పైకి లేచి కిందికి దిగింది.

"నొక్కవోయ్. అది బెల్లే, తేలు కాదు," అన్నాడు వెనకనుంచి జతగాడు.

ముని నొక్కాడు.

తలుపు ఒక్కసారిగా తెరుచుకుంది. "వచ్చారా! ఎంతసేపర్రా..." అంటూ రెండు చేతులూ చాపి ముందుకొచ్చిన ఒకావిడ వీళ్ళని చూసి ఆగిపోయింది. చాపిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక పమిట సర్దుకుంది. మొహం వాడిపోయింది.

"మా ఆడపడుచు వాళ్ళనుకున్నాను బాబూ. ఇంకోసారి రండి," అని మర్యాదగానే తలుపు వేసింది.

ఇద్దరూ మోర్మన్ మిషనరీలు. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. తెల్లచొక్కా, నల్ల ప్యాంటు, జేబు మీద పేరు చెక్కిన నల్లటి బిళ్ళ. రెండేళ్ళ పాటు ఇల్లు విడిచి, ఊరుకాని ఊళ్ళో, ఇద్దరిద్దరు చొప్పున జతగా తిరుగుతూ గడపగడపకీ వెళ్ళి దేవుడి మాట చెప్పడం వాళ్ళ పని. జతలో ఒకరి కంటికి ఇంకొకరు ఎప్పుడూ ఆనుతూ ఉండాలన్నది నియమం. ముని వచ్చి పద్నాలుగు నెలలైంది. తలుపు తట్టిన ప్రతిసారీ అరచేతులకి చెమట పట్టడం మాత్రం మొదటిరోజు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది.

ముని అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఉలుకూ పలుకూ లేకుండా మూల కూర్చునేవాడని వాళ్ళ నాన్న అలా పిలిచాడు. అక్కలు అందుకున్నారు, బడి అందుకుంది, చివరికి ఇక్కడ జతగాడూ అందుకున్నాడు. ఎంత నిబ్బరం, ఎంత శాంతం అని అందరూ మెచ్చుకునేవారు. లోపల సంగతి మునికే తెలుసు. నోరు తెరిస్తే గొంతు వణుకుతుందని మూసుకునేవాడు, అంతే. పొద్దున్న ఆరున్నరకి లేచి మంచం పక్కన మోకరించినప్పుడు జతగాడు ప్రపంచం మొత్తానికీ ప్రార్థన చేసేవాడు. ముని మాత్రం ముందు తన మనవి చెప్పుకునేవాడు: ఇవాళ కుక్క ఉన్న ఇల్లు తగలకుండా చూడు తండ్రీ, మొహం మీద తలుపు వేసేవాళ్ళు కొంచెం మెల్లగా వేసేలా చూడు.

పండుగ రోజుల్లో ఈ పని మరీ కష్టం. మామూలప్పుడు తలుపులు ఆలస్యంగా, అనుమానంగా తెరుచుకుంటాయి. ఈ వారం పది రోజులూ ఠక్కున తెరుచుకుంటున్నాయి. చుట్టాలు వచ్చారనో పార్సిలు వచ్చిందనో పరుగున వచ్చి తీస్తారు. తీసి, చూసి, నీరుగారిపోతారు. అరిచేవాళ్ళకంటే, కుక్కకంటే, నీరుగారిపోయే ఆ మొహాలంటేనే మునికి ఎక్కువ భయం పట్టుకుంది.

అవాళ అన్నిటికంటే పెద్ద భయం ఇంకోటుంది. రెండు గంటలకి లిఫ్టు తాత దగ్గరికి వెళ్ళాలి.

పార్కులో బెంచీ మీద కూర్చుని రొట్టె తింటూ జతగాడు రేపటి గురించి మొదలుపెట్టాడు. రేపు క్రిస్మస్. ఇంటికి వీడియో కాల్ చేసి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

"మా అమ్మ ఫోన్లోకి రాగానే ఏడుస్తుంది చూడు. నలభై నిమిషాల్లో పాతిక నిమిషాలు ఏడుపే. మీ అమ్మో?"

"మా అమ్మ నవ్వుతుంది. నవ్వి, 'నీకేంట్రా, నువ్వు దేనికీ బెదరవు' అంటుంది."

"అదృష్టవంతుడివి."

ముని రొట్టె ముక్కని నోట్లో అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. 

లిఫ్టు తాతకి డెబ్బై తొమ్మిదేళ్ళు. నలభై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేశాడు. గుండె సగం కూడా పనిచెయ్యడం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఇవాళా రేపా అని కాదుగానీ, నెలలు మాత్రం కాదన్నారు. కూతురు బేకరీలో పనిచేస్తుంది. పండుగ ముందురోజు సెలవు అడిగే మొహం లేదని, రెండింటి నుంచి నాలుగింటి దాకా కాస్త ఎవరైనా కూర్చుంటే చాలని, పోయిన వారం మెట్ల మీద కనిపించినప్పుడు అడిగింది. జతగాడు వెంటనే ఒప్పుకున్నాడు. ముని తలూపాడు. ఆ రాత్రి నుంచీ అతనికి సరిగ్గా నిద్ర లేదు.

అయిదో అంతస్తు. లిఫ్టు పాడైంది.

"జీవితమంతా లిఫ్టులు బాగుచేసినాయన ఇంటికి మెట్లెక్కి వెళ్ళాల్సి రావడం చూశావా," అని రొప్పుతూ నవ్వాడు జతగాడు. ముని మెట్లు లెక్కపెడుతున్నాడు. ఇంకొన్ని మెట్లుంటే బాగుండుననిపించింది.

కూతురు చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది. యాభై దాటిన మనిషి. చేతులకి ఎప్పుడూ పిండి వాసన. "మూడింటికి ఆ తెల్ల మాత్ర. అర గ్లాసు నీళ్ళు, అంతకంటే వద్దు. కింది పోర్షన్లో నర్సమ్మ ఉంటుంది, ఇదిగో నంబరు. కంగారేం లేదు బాబూ, నిద్రపోతూనే ఉంటాడు. మీకు టీ పెడదామంటే మీ మతంలో తాగరాయె," అంటూనే దిగిపోయింది.

గది చిన్నది. మంచం, కుర్చీ, గోడకి ఆనించిన హీటరు. కిటికీ అద్దాల మీద ఎదురు దుకాణం రంగుదీపాలు వెలిగి ఆరుతున్నాయి. మందుల వాసన. దాని అడుగున ఇంకేదో వాసన. ఆ రెండో వాసన మునికి తెలుసు. పదకొండేళ్ళ తరవాత కూడా గుర్తుపట్టాడు. 

జతగాడు ఊరికే కూర్చునే రకం కాదు. వంటింట్లో అంట్లున్నాయని చొక్కా చేతులు మడిచి అటు వెళ్ళాడు. మధ్య తలుపు తెరిచే ఉంది. అతని వీపు కనబడుతోంది, ఈల వినబడుతోంది. ముని కుర్చీ అంచున కూర్చున్నాడు. తాత ఛాతీ లేస్తోంది, పడుతోంది. లేచినప్పుడు గొంతులో చిన్న గరగర. పడ్డాక మళ్ళీ లేవడానికి ఎంతసేపు పడుతోందో ముని లోలోపల లెక్కపెడుతున్నాడు. మూడు. నాలుగు. ఒకసారి ఆరు దాకా వచ్చింది. అతనూ ఊపిరి బిగబట్టాడు.

మూడింటికి మాత్ర వేసేటప్పుడు తాతకి మెలకువొచ్చింది. నీళ్ళు మింగి, కాసేపు ఆయాసపడి, ముని జేబు మీది బిళ్ళలో పేరు చదవడానికి కళ్ళు చికిలించి మానేశాడు.

"ఇద్దర్లో నువ్వు మాట్లాడనివాడివి కదూ."

"అవునండీ తాతగారూ."

"చచ్చాక ఏముంటుందో మీకు తెలుసట కదా. వాడు పోయినసారి గంటసేపు చెప్పాడు. బాగానే చెప్పాడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు చెప్పు. భయపడక్కర్లేదా?"

జవాబు మునికి కంఠతా వచ్చు. పద్నాలుగు నెలలుగా ఎన్నో వసారాల్లో చెప్పాడు. మొదటి మాట నాలుక మీదికి వచ్చింది కూడా. తాత చెయ్యి దుప్పటి అంచుని పట్టుకుని ఉంది. పిడికిలి ఎముకలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అది చూశాక ఆ మాట రాలేదు.

"నేను నమ్ముతానండీ. నమ్ముతాను కానీ... నాకూ భయమే. ఇప్పుడు కూడా వేస్తోంది."

తాత మొహంలో ఏదో సడలింది. నవ్వబోతే దగ్గొచ్చింది.

"హమ్మయ్య. పొద్దున్నించీ వచ్చినవాళ్ళంతా ధైర్యం చెప్పి పోతున్నారు. విని విని విసుగొచ్చింది." మళ్ళీ ఊపిరి. "లిఫ్టు గుంటలో దిగావా ఎప్పుడైనా? పైన పెట్టె వేలాడుతుంటుంది, కింద చీకటి. మొదటిరోజు కాళ్ళు వణికాయి. రిటైరైన రోజు కూడా వణికాయి. నాకన్నా ఆదివారం సెలవుండేది గానీ, నా భయానికి అదీ లేదు. ఏనాడూ నాగా పెట్టలేదు. ఎవరికీ చెప్పలా. మా ఆవిడక్కూడా."

"ఎందుకు చెప్పలేదండీ?"

"మొనగాణ్ణి అనుకునేది. ఎందుకు చెడగొట్టడం."

వంటింట్లో ఈల ఆగి, కొళాయి చప్పుడు మొదలైంది. ఆ చప్పుడు చాటున ముని నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది. తనకి తొమ్మిదేళ్ళప్పటి సంగతి. అమ్మ మందులకని బయటికి వెళుతూ నాయనమ్మ పక్కన కూర్చోమంది. "ఆవిడ గొంతులోంచి చప్పుడొచ్చిందండీ. నా చెయ్యి పట్టుకోబోయింది. నేను విడిపించుకుని మేడమీదికి పారిపోయాను. నీళ్ళ ట్యాంకు వెనక దాక్కున్నాను. అమ్మ వస్తున్న అలికిడి విని దిగొచ్చి పక్కన కూర్చున్నాను. అప్పటికే పోయింది. పిల్లాడు ఎంత నిబ్బరంగా కూర్చున్నాడో చూడండని అందరూ నన్ను దగ్గరికి తీసుకున్నారు. అమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది, ఆఖరి నిమిషంలో మా ముని ఉన్నాడు పక్కన అని."

తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాడు ముని. అలా అయితే మంచిదే అనుకున్నాడు.

"ఎంతసేపు దాక్కున్నావ్?"

"ఏమోనండీ. చాలాసేపే అనుకుంటా."

"ఇంకా అక్కడే ఉన్నట్టున్నావ్." కళ్ళు తెరవలేదు. "దిగిరా. కాళ్ళు చల్లగా అయిపోతున్నాయి. ఆ మేజోళ్ళు తొడుగు."

హీటరు మీద బూడిదరంగు ఉన్ని మేజోళ్ళ జత ఆరేసి ఉంది. ముని ఒకటి తీసుకుని మంచం చివర కూర్చుని దుప్పటి తొలగించాడు. పాదం తెల్లగా, వాచి, గోళ్ళ దగ్గర నీలంగా ఉంది. ముట్టుకోగానే అతని ఒళ్ళు జల్లుమంది. ఆ చల్లదనం మామూలు చలి కాదు. తలుపు ఆరడుగుల దూరంలో ఉంది. ఒక్క నిమిషం అతని కళ్ళు అటే చూశాయి. తరవాత పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, రెండు చేతులా రుద్ది, మేజోడుని నోటి దగ్గర వెడల్పు చేసి, వేళ్ళు మడతపడకుండా మెల్లగా మడమ మీదికి లాగాడు.

"వెచ్చగా ఉందా తాతగారూ?"

"ఊఁ," అన్నాడు తాత.

ఆ ఊఁ తరవాత ఛాతీ పడింది. ముని అలవాటుగా లెక్కపెట్టాడు. నాలుగు. ఆరు. తొమ్మిది. పన్నెండు దాకా లెక్కపెట్టి ఆపేశాడు. కిటికీ అద్దం మీద రంగులు వెలిగాయి, ఆరాయి. దుప్పటి అంచుని పట్టుకున్న పిడికిలి విడిపోయి ఉంది.

  పాదం ఒళ్ళోనే ఉంది. దాన్ని కింద పెట్టి లేస్తే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. మెట్లు కనబడతాయి, అంతే, ఇక ఆగలేడు. అందుకని దించలేదు. మేజోడు పైనుంచే పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

జతగాడు వేడినీళ్ళ సంచీ తువ్వాలుకి చుట్టుకుని వచ్చాడు. "ఇదిగో తాతా, కాళ్ళకి..." అని మంచం వైపు చూశాడు. ఎప్పుడూ నవ్వే మొహంలో రక్తం లేదు. వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

"మునీ... వెళ్దాం. కిందికెళ్ళి ఎవర్నైనా పిలుచుకొద్దాం."

"ఫోన్ నీ జేబులో ఉంది. నర్సమ్మకి చెయ్యి," అన్నాడు ముని. గొంతు వణికింది. వణకనిచ్చాడు. "ఈయన్ని ఒక్కణ్ణీ వదలను."

నర్సమ్మ చేతికంటిన పిండితోనే పైకి వచ్చింది. నాడి చూసింది, కనురెప్పలు ఎత్తి చూసింది, గడ్డం కింద తువ్వాలు మడిచి పెట్టింది. "ప్రశాంతంగానే పోయాడు," అంది ఎవరితోనో అన్నట్టు.

నాలుగుకి అయిదు నిమిషాలుందనగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. కూతురు ఒక చేత్తో కేకు డబ్బా, ఇంకో చేత్తో విప్పడం మరిచిపోయిన ఏప్రన్ అంచు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నర్సమ్మ మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. డబ్బాని జాగ్రత్తగా, పగిలే వస్తువులాగా, నేల మీద పెట్టింది. మంచం దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు ఉంచింది.

"ఒక్కడే ఉన్నాడా?" అంది చివరికి.

"లేదమ్మా," అన్నాడు ముని. "నేనున్నాను. ఆయన కాలు నా చేతుల్లోనే ఉంది."

ఆవిడ అతని వైపు చూసింది. తరవాత తండ్రి పక్కన కూలబడి, ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. ముని కూడా ఏడ్చాడు, దాచుకోకుండా.

ఇరుగుపొరుగు వచ్చారు. గది నిండింది. ఇంక తమ అవసరం లేదని తెలిశాక ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కున్నారు. జతగాడి వేళ్ళకి లేసు ముడి పడడం లేదు. ముని వంగి ముడి వేశాడు.

"నీకు భయమెయ్యలేదా?" అడిగాడు జతగాడు గుసగుసగా.

"వేసింది. ఇంకా వేస్తోంది."

"మరి రేపు ఫోన్లో... మీ అమ్మకి ఇదంతా చెప్తావా?"

"చెప్తా. దీనికంటే ముందు ఇంకోటి చెప్పాలి."

లేచి నిలబడ్డాక ముని ఒకసారి లోపలికి చూశాడు. ఎవరో తెల్లటి దుప్పటి తెచ్చి తాత కాళ్ళ దాకా కప్పుతున్నారు. హీటరు మీద రెండో మేజోడు ఇంకా అలాగే వేలాడుతోంది, మడమ చిరిగినచోట ఎర్రదారంతో వేసిన కుట్టు పైకి కనబడుతూ, వెచ్చగా.