పిడి కొలత

పోయిన నవంబరులో మా ఆయన ఏర్విన్ కొత్త పిస్టల్ కొందామన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. కప్పు పట్టుకుంటే సగం కాఫీ సాసర్లోకి పోతుంది ఆయనకి. చొక్కా గుండీలు పెట్టేది నేను, రొట్టెకి వెన్న రాసేది నేను. ఆ వణుకుడు జబ్బు మొదలై మూడేళ్ళయింది. ఇక తగ్గదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. అలాంటి మనిషికి ఇప్పుడు కొత్త పిస్టలట!

"ఏం, పాతది కరుస్తోందా?" అన్నాను.

"పాతది బరువుగా ఉంది. తేలిగ్గా ఉండేదేదైనా చూద్దాం. నువ్వూ రా."

"నేనెందుకు?"

"మరి కారెవరు నడుపుతారే?"

అవును, కారు నడిపేదీ నేనే. మొహం ముడుచుకునే కారెక్కాను.

నా కోపం వెనక ముప్పై ఏడేళ్ళ కథ ఉంది. అది చెప్పకపోతే నేనొట్టి గయ్యాళిదాన్ని అనుకుంటారు. గయ్యాళిదాన్నే, కాదనను. కానీ ఊరికే కాలేదు.

మా పెళ్ళయిన ఏడు, అంటే ఎనభై ఏడులో, ఇద్దరం కలిసి ఒక పిస్టల్ కొన్నాం. రెండు కొనే స్తోమత లేదు. అప్పటికి మా లాంగ్‌నౌ పిస్టల్ షూటింగ్ క్లబ్బులో నాకంటే బాగా గురిచూసి కాల్చేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఏర్విన్ ఆ ఇద్దరిలో లేడు. నేను పాయింట్ టూటూ తీసుకుందామన్నాను. చిన్న తూటా, పేలితే చెయ్యి ఎగరదు, ఎన్ని కాల్చినా మణికట్టు నొప్పెట్టదు. ఆట నేర్చుకునే చేతికి అంతకంటే మంచిది లేదు. ఆయన పాయింట్ త్రీటూ కావాలన్నాడు. లీగు పోటీలకి మగవాళ్ళ జట్టు కాల్చేది దానితోనే, దానితో కాలిస్తేనే జట్టులో చోటు. నాలుగు రోజులు పోట్లాడుకున్నాం. చివరికి త్రీటూయే వచ్చింది.

సరే, తూటా సంగతి వదిలేద్దాం. అసలు గొడవ పిడి దగ్గర. మా ఆటలో పిస్టల్ ఎంత ముఖ్యమో పిడీ అంతే ముఖ్యం. కాగితం మీద అరచెయ్యి ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి పంపిస్తే, ఆ కొలతకి వాల్‌నట్ చెక్కలో పిడి చెక్కి పంపుతారు. ఏ వేలికి ఆ వేలు కూర్చునే గాడి ఉంటుంది. ఒకరి పిడితో ఇంకొకరు సరిగా కాల్చలేరు. ఆ రోజు వంటింట్లో కూర్చుని నా చెయ్యి ఆయన గీశాడు, ఆయన చెయ్యి నేను గీశాను. పంపింది మాత్రం ఒక్క కాగితమే, అదీ ఆయనది.

"ముందు నాది కానీ మార్‌గ్రిట్. నీది వచ్చే ఏడు చేయిద్దాం," అన్నాడు.

వచ్చే ఏడు పెద్దవాడు పుట్టాడు. ఆ తర్వాతి ఏడు ఇంటి కప్పు కారింది. ఆ తర్వాత ఏదో ఒకటి. ఆయన పిడితోనే కొన్నాళ్ళు ప్రయత్నించాను. నాన్న బూట్లు తొడుక్కుని నడిచే పిల్లలా ఉండేది నా చెయ్యి అందులో. గురి చెదిరిపోయేది, మగవాళ్ళు నవ్వేవాళ్ళు. మెల్లగా పాయింట్లు రాసే బల్ల దగ్గరికి చేరాను. అప్పటినుంచి శనివారం శనివారం వాళ్ళు కాల్చడం, నేను రాయడం, కాఫీ పెట్టడం, వాల్‌నట్ కేకు కోసి ఇవ్వడం. నువ్వు కూడా కాల్చు అని ఒక్కడూ అనలేదు. నేనూ అడగలేదు. నోటికి ఎంత వస్తే అంత అనేసే దాన్ని, ఇదొక్కటి మాత్రం గొంతు దాటి రాలేదు.

బుర్గ్‌డోర్ఫ్‌లో బ్యూర్గి తుపాకుల కొట్టుకెళ్ళాం, ఆ నవంబరు రోజు. బ్యూర్గి బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి మూడు పిస్టళ్ళు పెట్టాడు.

"నువ్వు పట్టుకుని చూసి చెప్పు. నా చెయ్యి సంగతి తెలుసుగా," అన్నాడు ఏర్విన్.

అంటే ఈయన కొనుక్కోడానికి నా చేతులు అరువు కావాలన్నమాట. పళ్ళు నూరుకుంటూ మొదటిది తీసుకున్నాను. నైన్ ఎంఎం. పైభాగం వెనక్కి లాగేసరికి బొటనవేలి కీలు చురుక్కుమంది.

"ఇది పట్టుకుని దేశం మీద ఎవరైనా దండెత్తితే ఎదురెళ్ళాలి గానీ, శనివారం పూట ఆడుకోడానికి కాదు. ట్రిగ్గరు చూడండి, ఎంత నొక్కినా తెగదు," అన్నాను.

బ్యూర్గి నవ్వాడు. "గెర్బర్‌గారూ, మీ ఆవిడకి బాగానే తెలుసే!"

"నాకంటే ఎక్కువే తెలుసు," అన్నాడు ఏర్విన్. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదటిసారి.

రెండోది త్రీటూ. ముందువైపు బరువు, చెయ్యి చాపి పది లెక్కపెట్టేసరికి కొన కిందికి వాలిపోతోంది. "ఇలాంటిది ఇంట్లో ఇప్పటికే ఒకటి ఏడ్చింది," అన్నాను. మూడోది ఇటలీది, పాయింట్ టూటూ. గొట్టం చేతికి దగ్గరగా, కిందగా ఉంది. ట్రిగ్గరు మీద వేలు వేసి మెల్లగా నొక్కాను. ఒక చోట ఆగింది, ఇంకాస్త నొక్కితే ఎండుపుల్ల విరిగినట్టు తెగింది. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి. తల ఎత్తి చూస్తే ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఇదే బాగుంది. పేలినా గురి చెదరదు. తూటాలూ చవక, వారం వారం కడుపునిండా కాల్చుకోవచ్చు," అన్నాను, తెలివి తెచ్చుకుని.

"ఇదే ఇవ్వండి," అన్నాడు ఏర్విన్.

బ్యూర్గి అనుమతి దరఖాస్తు ముందు పెట్టుకుని కలం తీశాడు. "పేరు?"

"మార్‌గ్రిట్ గెర్బర్," అన్నాడు ఏర్విన్.

"నా పేరెందుకు?" అన్నాను.

"కాల్చేది నువ్వు గనక."

ఓరి దేవుడా, ఆ క్షణంలో నాకు సంతోషం కలగలేదు. కలిగిందని చెబితే అబద్ధం. కారెక్కేదాకా నోరు మూసుకున్నాను. కారు తలుపు పడగానే తెరిచాను.

"ఇప్పుడా? అరవై రెండేళ్ళొచ్చాక? నీ చెయ్యి పనికిరాకుండా పోయాక గుర్తొచ్చానా నేను? నీకు చేతకానిది నాకు దానం చేస్తున్నావా?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చాలా దూరం పోయాక, "ఆలస్యమైందని నాకు తెలుసు," అన్నాడు.

మనసుకి సిగ్గుండదు. రెండు రోజులు మూతి ముడుచుకున్నాను, మూడో రోజునుంచి అనుమతి కాగితం కోసం పోస్టుపెట్టె చూడ్డం మొదలుపెట్టాను. చీపురు పట్టుకుని కూడా చెయ్యి చాపి నిలబడేదాన్ని, ఊపిరి బిగబట్టి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నవ్వుకునేదాన్ని కూడా. అనుమతి జనవరిలో వచ్చింది. పిస్టల్ మాత్రం బ్యూర్గి దగ్గరే ఉండనివ్వమన్నాడు ఏర్విన్. "పిడి వచ్చాక తెచ్చుకుందాం. ఆ సంగతి నేను చూసుకుంటా. నువ్వడగొద్దు," అన్నాడు.

ఫిబ్రవరిలో, మంచు ఇంకా మోకాలు లోతున్నప్పుడు, కొత్త పిడి బిగించిన పిస్టల్ పెట్టె బ్యూర్గి దగ్గర తెచ్చుకుని సరాసరి క్లబ్బుకే వెళ్ళాం. జట్టులో మిగిలిన ముసలివాళ్ళలో కోబి నోరు ఊరుకోదు.

"ఏం మార్‌గ్రిట్, నువ్వు కాలిస్తే ఇవాళ మాకు కాఫీ ఎవరు పెడతారు?"

"నీ చేతులకేమొచ్చింది రోగం? నువ్వే పెట్టు. నాకు పాలు ఎక్కువ," అన్నాను.

ఏర్విన్ వెళ్ళి నా కుర్చీలో, పాయింట్లు రాసే బల్ల దగ్గర కూర్చున్నాడు. పెట్టె తెరిచాను. ఆ పిడి ఎంత అందంగా ఉందో చెప్పలేను. ముదురు వాల్‌నట్, సన్నగా, నున్నగా, వేళ్ళకి నాలుగు గాడులు. చెయ్యి పెట్టాను. లోపలికి వెళ్ళింది గానీ కూర్చోలేదు. ఉంగరపు వేలు కణుపు గాడిలో పట్టేసింది. బొటనవేలు ఉండాల్సిన చోట ఉండనంటోంది. అరచేతి కింద మాత్రం ఖాళీ, గాలి ఆడుతోంది.

అలవాటవుతుందిలే అనుకుని గురి పెట్టాను. మొదటి ఐదూ బాగానే పడ్డాయి, పదికి తొమ్మిది పాయింట్ల కంటే తక్కువది ఒక్కటీ లేదు. వెనకాల కోబి ఈల వేశాడు. ఆ ఐదు తూటాలూ కాల్చింది నాలో మిగిలిన ఆ పాతికేళ్ళ పిల్లేనని నాకు బాగా తెలుసు. ఆరోదానికి కణుపు దగ్గర సూది దిగినట్టయింది. ఎనిమిదోదానికి వేళ్ళు మొద్దుబారాయి. పదోది నల్ల చుట్టు దాటి తెల్ల కాగితంలో పడింది. పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టేసి, చెయ్యి చంకలో దాచుకున్నాను.

"పిడి ఎలా ఉంది?" అన్నాడు ఏర్విన్. చిన్నపిల్లాడిలా చూస్తున్నాడు నా వైపు.

"ఏ కొలత పంపావు?"

ఆయన జేబులోంచి పర్సు తీసి, పర్సులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. ఎనభై ఏడు నాటి క్యాలెండరు వెనక వైపు. పసుపుపచ్చగా మారిపోయింది. దాని మీద పెన్సిల్‌తో ఒక చెయ్యి. సన్నటి వేళ్ళు, ఎక్కడా ఒక ముడి లేదు.

"తుపాకుల బీరువాలో నూనె డబ్బా కింద దాచాను, అప్పటినుంచీ. అప్పుడిస్తానన్నది ఇదే కదా, నీకు చెప్పకుండా చేయిద్దామనుకున్నా. అందుకని దీని నకలు తీయించి పంపాను," అన్నాడు.

ముసలివాళ్ళ ఆశ్రమం బట్టల ఉతుకుడు గదిలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను నేను. తడి దుప్పట్లు పిండీ పిండీ నా కణుపులు వాల్‌నట్ కాయల్లా అయ్యాయి. పెళ్ళి ఉంగరం కోయించి తీయించి పదేళ్ళయింది.

అప్పుడు, అంతమంది ముందు, అది గొంతు దాటి వచ్చింది.

"ఇది నా చెయ్యి కాదు ఏర్విన్. ఆ పిల్ల చెయ్యి. ఇవ్వాల్సింది ఆ పిల్లకి. అది ఏడాది ఏడాదీ ఎదురు చూసింది. ఇప్పుడు అది లేదు, నేనున్నాను. నాకిది పట్టదు!"

కోబి కాఫీ కుండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏర్విన్ నా చెయ్యి చంకలోంచి తీసి, తన వణికే చేతుల్లో పెట్టుకుని, వేలు వేలూ తడిమి చూశాడు.

"రోజూ మెట్లు దిగేటప్పుడు పట్టుకునే చెయ్యే ఇది. పట్టుకున్నానే గానీ చూడలేదు," అన్నాడు.

ఆయన ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. క్షమించానని మాత్రం చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక వంటింటి బల్ల మీద తెల్లకాగితం పరిచాడు. "చెయ్యి పెట్టు. మళ్ళీ గీస్తా."

"నేను గీసుకుంటాలే."

"కాదు. నేనే గీస్తా."

పెట్టాను. పొయ్యి మీద బంగాళదుంపలు ఉడికి మెత్తబడిపోయేదాకా గీశాడు. పెన్సిలు మణికట్టు దగ్గర మొదలై, ఎగిరి, నా వేలి మీద గీత పడి, మళ్ళీ కాగితం మీదికి వచ్చి, ఆగి, మళ్ళీ కదిలింది. ఎడంచేత్తో కుడిచెయ్యి అదిమి పట్టుకున్నాడు. నుదుటి మీద చెమట. నేను కదల్లేదు. అయిపోయాక చూస్తే అది చెయ్యిలా లేదు. గీత అంతా రంపం పళ్ళలా ఉంది. దాన్ని చూసి ఏ పనివాడూ ఏ పిడీ చెక్కలేడు. అది ఆయనకీ తెలుసు, ముప్పై ఏళ్ళు లీగులో కాల్చిన మనిషి.

"సరిగ్గా వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"పంపుదామా మరి?"

"వచ్చే ఏడు పంపుదాం," అన్నాను.

దెప్పాలని అనలేదు. దాన్ని పంపించలేక, కాదనలేక, ఏదో ఒకటి అనాలని అన్నాను. అన్నాక ఆయన పాత మాట ఇద్దరికీ ఒకేసారి వినిపించింది. ఆయన నా మొహంలోకి చూసి, మెల్లగా తల ఊపాడు.

కాగితం మడిచి, పాతదాని పక్కనే పర్సులో పెట్టుకున్నాడు. పెన్సిలు చొక్కా జేబులో పెట్టుకోబోతే రెండుసార్లు జారి కింద పడింది. రెండోసారి నేను వంగి తీసి, ఆయన జేబులో పెట్టాను. ఆ తర్వాత కొట్టంలోకి వెళ్ళి గరుకు కాగితం వెతుక్కొచ్చి, కొత్త పిడిలో ఉంగరపు వేలి గాడి అరగదీయడం మొదలుపెట్టాను.