తారు పూసిన స్తంభం

పడవలు కట్టేవాడికి కొయ్యపని నేర్పుతారట! ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. జువ్వలదిన్నె ఒడ్డున పద్దెనిమిదేళ్ళుగా బాడిశ పట్టినవాణ్ణి. ఈ హనీఫా కట్టిన పడవంటే ఎవరూ బేరమాడరు.

కానీ మా దర్గా నగారాఖానా సంగతి కాబట్టి వెళ్ళాను. ఎనిమిది టేకు స్తంభాల మీద నిలబడ్డ చెక్క మేడ అది. ఎప్పుడు కట్టారో ఎవరికీ తెలియదు. గంధం పండగనాడు నా నేస్తం మదార్ దాని పైకెక్కి నగారా వాయిస్తేనే ఊరేగింపు కదులుతుంది. 1961లో ఓవర్సీరు వచ్చి చూసి, మేడ ఒరిగింది, కూల్చేసి ఇటుకతో కట్టుకోండి అన్నాడు. దర్గా పెద్దలు కాళ్ళావేళ్ళా పడితే చివరికి ఒక గడువిచ్చాడు. గంధానికి ముందురోజు మేడ మీద ఇరవై ఇసుక బస్తాలు పెట్టి చూస్తాడు. నిలిస్తే సరి, లేకపోతే కూల్చివేతే. మాకున్నది నలభై రోజులు.

పాత కొయ్య కట్టడాలు బాగుచెయ్యడంలో చెయ్యి తిరిగిన మాల్యాద్రి ఆచారిని పెద్దలు పిలిపించారు. ఆయన ఒకటే షరతు పెట్టాడు.

"నేను చేసి పోతా, సరే. రేపు మళ్ళీ చెడితే ఎవురు చేస్తారు? ఈ చుట్టుపక్కల వడ్రంగుల్ని ఎనిమిది మందిని ఇయ్యండి. నేర్పిస్తా, వాళ్ళ చేతనే చేయిస్తా."

ఆ ఎనిమిది మందిలో నేనొకణ్ణి. మొదటిరోజే అందరి ముందూ చెప్పేశాను.

"ఆరో స్తంభం జోలికి మాత్రం పోబాకండి. మా నాయన బతికుండగా బాగుచేసింది అది. ఇరవై ఏళ్ళయింది, చెక్కుచెదరలా."

"అట్నే లేబ్బయ్యా," అన్నాడు ఆచారి, నవ్వీనవ్వనట్టు.

మూడు రోజులు మమ్మల్ని ఉలి ముట్టనివ్వలేదు. వేలి కణుపుతో కొయ్యను తట్టాలి, చెవి పెట్టి వినాలి. మంచి కొయ్య ఖంగుమంటుంది, పుచ్చిన కొయ్య మూలుగుతుంది. నేనేమన్నా తలుపు తట్టే బిచ్చగాణ్ణా అని లోపల్లోపల తిట్టుకుంటూనే తట్టాను. మూడో రోజుకి, అల్లా సాక్షిగా చెబుతున్నాను, నా చెవి మారిపోయింది! కొయ్య ఎక్కడ బతికుందో, ఎక్కడ చచ్చిందో వేలికి తెలిసిపోతోంది. ఇంట్లో మంచం కోళ్ళు, రోకలి, తలుపులు అన్నీ తట్టి చూశాను. అమ్మ సుల్తాన్‌బీ నాకు పిచ్చి పట్టిందనుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, అందరూ అన్నాలకి వెళ్ళినప్పుడు, ముచ్చటపడి నాయన స్తంభాన్ని తట్టాను. మూలిగింది.

మళ్ళీ తట్టాను. మళ్ళీ అదే. ఉలితో పైన తారు గీకాను. కింద కొబ్బరి పీచు, గుగ్గిలం కూరి రాగి మేకులు కొట్టి ఉన్నాయి. అచ్చం పడవ పని. ఉలి కొంచెం నొక్కితే పిడి దాకా దిగబడింది. లోపలంతా తడి పొట్టు.

ఎవరూ చూడలేదు. తారు మళ్ళీ పూసేస్తే నాయన పేరు నిలుస్తుంది, గంధం దాకా స్తంభమూ నిలుస్తుందేమో అనిపించింది. అంతలో పైకెక్కేవాడు మదార్ అని గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ నా కంచంలో చెయ్యి పెట్టి తిన్నవాడు. సిగ్గుతో ముఖం కాలిపోతుంటే వెళ్ళి ఆచారికి చెప్పాను.

ఆయన వచ్చి చూశాడు. ఎగతాళి చెయ్యలేదు.

"మీ నాయన పనిలో లోపం లేదబ్బయ్యా. పడవకి చేసినట్టు చేసినాడు. పడవలోకి నీళ్ళు రాకూడదు. స్తంభంలోకి పైన బీటల్లోంచి వానొస్తానే ఉంటది, వచ్చింది పోవాల. ఆ దారి మూసేసినాడు, అంతే."

"స్తంభమంతా తీసి పారేద్దాం!" అన్నాను కోపంగా.

"ఎందుకూ? పైన తట్టి చూడు."

తట్టాను. ఖంగుమంది. అక్కడ నాయన వేసిన అడ్డకొయ్య గోరు దూరే సందు కూడా లేకుండా బిగిసి ఉంది.

"చచ్చిందాన్ని కోసెయ్. బతికిందాన్ని ముట్టుకోబాక," అన్నాడు ఆచారి.

కింది మూడడుగులకి పాత టేకుతో కొత్త కాలు చెక్కాను. రెండు సగాలూ ఒకదాన్నొకటి కరుచుకునేలా అతుకు కోయడానికే తొమ్మిది రోజులు పట్టింది. మూడుసార్లు చెడగొట్టాను, మూడుసార్లూ బాడిశ విసిరికొట్టాను, మళ్ళీ వెళ్ళి తెచ్చుకున్నాను.

ఇక మేడను ఎత్తాలి. పాత కాలు కోసి కొత్తది దూర్చాలంటే బరువంతా బొటనవేలు మందం పైకి లేవాలి. ఎలాగా అని వడ్రంగులు తల గోక్కుంటుంటే నాకు నవ్వొచ్చింది. పడవను ఇసుకలోంచి లేపేది మేం కాదూ? మేడకి ఊతంగా నిలబెట్టిన ఆపు కొయ్యల కింద జతలుజతలుగా చీలికలు, అంటే ఏటవాలుగా చెక్కిన చెక్కలు, పెట్టించి, మనిషికో సుత్తి ఇచ్చాను.

"అందరిదీ ఒకటే దెబ్బ! ఐలేసా!"

"ఐలేసా!"

మేడ కిర్రుమంది. దుమ్ము రాలింది. ఇంకో దెబ్బకి ఆరో స్తంభం రాతి మీదనుంచి లేచింది! ఆచారి పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. రంపం ఆడింది, పుచ్చిన కాలు పోయింది, కొత్త కాలు పాత స్తంభాన్ని గబుక్కున కరుచుకుంది. చీలికలు తీస్తే మేడ నిదానంగా కూర్చుంది.

గడువురోజు ఓవర్సీరు ఇరవై బస్తాలూ ఎక్కించి మేడ ఒరుగుతుందేమోనని గంటసేపు గుండునూలు వేలాడదీసి చూశాడు. నూలు ఇటూ అటూ కదల్లేదు.

"వాయించుకోండి," అన్నాడు.

మదార్ అప్పటికే సగం నిచ్చెన మీద ఉన్నాడు. నగారా మోగింది. జనం కేకలు పెట్టారు. ఆ గోలలో అమ్మ నా పక్కకు వచ్చి అడిగింది.

"మీ నాయన చేసిన స్తంభం యాదిరా?"

ఆమె చెయ్యి పట్టుకుని ఆరో స్తంభం మీద పెట్టాను. నగారా దెబ్బలు కొయ్యలోంచి ఆమె అరచేతిలోకి వస్తున్నాయి.

"పైనదంతా నాయనదే అమ్మా. కింద మూడడుగులు నాది. నాయన తారు పూసినాడు, దాంతో లోపల పుచ్చిపొయ్యింది."

అమ్మ స్తంభాన్ని పైనుంచి కిందికి తడిమింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఇంటికొయ్యకి తారెందుకని ఆ పొద్దే అడిగినా. నీకేం తెలుసు పో అన్నాడు," అంది. "నువ్వన్నా విన్నావు."

అని తన వేలి కణుపుతో ఒకసారి తట్టి, చెవి ఆనించింది.