పన్నెండు పేజీల సరోజ

ఎంబీఏ రెండో ఏడాది క్లాసులో ఈసారి చర్చకు ఇచ్చిన కేసు స్టడీ పేరు సరోజ. పన్నెండు పేజీలు. మొదటి పేజీలో ఖాకీ చొక్కా వేసుకుని బస్సు మెట్టు మీద నిలబడిన ఆడమనిషి ఫొటో ఉంది. ప్రవల్లిక తన ప్రతి అందుకుని, ఫొటోలో ఉన్నది తన అక్కేనని చూసుకుని, పేజీ తిప్పుతుంది.

అక్క కరీంనగర్‌లో బస్సు కండక్టర్. అమ్మానాన్న పోయిన దగ్గర్నుంచి ప్రవల్లికను సాకింది ఆమే. ఆ సంగతి ఏడో పేజీలో ఉంది, పట్టికలో ఒక గడిగా.

"సరోజ అనే ఈ సంస్థలో అక్కర లేని విభాగం ఏది?" అని అడుగుతాడు విఠల్ సార్.

"పాటలు సార్," అంటాడు ముందు వరసలోని నిఖిలేశ్. "పొద్దుగాల బియ్యం కడుగుకుంట పాడుతది. పాడమని ఎవరూ అడగలే."

తీసేద్దామని ఒప్పుకున్నవాళ్లను చెయ్యెత్తమంటాడు సార్. చర్చలో పాల్గొంటే మార్కులున్నాయి. అందరితోపాటు ప్రవల్లికా చెయ్యెత్తుతుంది.

మర్నాడు పొద్దున అక్క బియ్యం కడుగుతోంది. గిన్నెలో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

"పాడుతలేవేందక్కా?"

"పాడుడంటే?" అంటుంది అక్క, నిజంగానే తెలియక.

రెండో వారం క్లాసులో సరోజ ఎడమచేతిని కుడిచేతిలో విలీనం చేస్తారు. నిఖిలేశ్ బోర్డు మీద గీసిన బొమ్మ ఎంతో శుభ్రంగా ఉంది. ఆ సాయంత్రం అక్క ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకోవాలని చూస్తోంది. ఒంటిచేత్తో కుదరడం లేదు. ప్రవల్లిక వెళ్లి పెడుతుంది. ఈసారి నేను చెయ్యెత్తలేదక్కా అని చెప్పాలనుకుంటుంది. కానీ ఎత్తింది.

"అలవాటైతది తియ్," అంటుంది అక్క. "నువ్వు చదువుకోపో."

మూడో వారం సార్ సుద్దముక్క తీసుకుని, "ఇయ్యాల ఏడో పేజీ చూద్దాం," అంటాడు. ప్రవల్లిక లేచి నిలబడుతుంది.

"సార్, ఆమె మా అక్క."

సార్ పేజీలన్నీ ఓపిగ్గా వెతుకుతాడు. "నీ పేరు ఇందులో లేదమ్మా. చెల్లెలు అని మాత్రమే ఉంది. అది ఎవరైనా కావచ్చు."

"ఆమెను వదిలేయండి సార్. ఆమె బదులు నన్ను కేసుగా పెట్టండి."

"నిన్ను మొదటి ఏడాది వాళ్లకు ఇచ్చేశాం. వాళ్లు ఆరో పేజీ దాకా వచ్చారు."

ప్రవల్లిక తన చేతులు చూసుకుంటుంది. రెండూ ఉన్నాయి. కాళ్లూ ఉన్నాయి. ఏం పోయిందోనని లోపల వెతుక్కుంటుంది. అమ్మ ముఖం ఉండాల్సిన చోట తడిగుడ్డతో తుడిచిన నల్లబోర్డు కనిపిస్తుంది. ఇంకా ఆరలేదు.

వెనక చొక్కాలు రాసుకుంటున్న చప్పుడు. చేతులు లేస్తున్నాయి. ఆమె ఎన్ని లేచాయో చూడదు. పుస్తకాలు అక్కడే వదిలి బస్టాండుకు పరిగెత్తుతుంది.

అక్క బస్సు కదలబోతోంది. ప్రవల్లిక కడ్డీ పట్టుకుని ఎక్కుతుంది.

"ఏడికి పోవాలమ్మా?" అంటుంది అక్క.

"అక్కా, నేను. ప్రవల్లికను."

అక్క మర్యాదగా ఆలోచిస్తుంది. "ఆ పేరుతోని స్టేజీ లేదమ్మా."

"అయితే నువ్వు దిగే కాడికి ఇయ్యి."

"నేను దిగేది తీసేసిన్రు." టికెట్టు చింపి ఇస్తుంది. అందులో ఊరి పేరు లేదు. "కూసో. నిలబడితే పడ్తవ్."

ప్రవల్లిక కండక్టర్ సీటు పక్కనే కూర్చుని అక్క చెయ్యి పట్టుకుంటుంది. అక్క వెనక్కి లాక్కోదు. ఆ ఒక్క చేతిలో రెండు చేతుల వెచ్చదనం ఉంది. ఏడుపు ఆగదు. ఎవరి బిడ్డో పాపం అన్నట్టు అక్క చూస్తుంది.

బస్సు ఊరు దాటి మానేరు డ్యాం కట్ట ఎక్కుతుంది. కట్ట మీద మలుపు తిరగకుండా నీళ్లలోకి దిగుతుంది. ప్రయాణికులు సంచులు ఒళ్లోకి తీసుకుని అద్దాలు మూసుకుంటారు. కిటికీల దాకా, తర్వాత పైకప్పు దాకా నీళ్లు వస్తాయి. ఎండ ఆకుపచ్చగా మారి, మెల్లగా పలచబడుతుంది.

అడుగున, తీసేసిన బస్సు స్టేజీ ఒకటి ఉంది. అక్కడ, అక్కలాగే ఖాళీ చొక్కా చేతిని మడిచి పిన్నీసు పెట్టుకున్న ఆడవాళ్లు గొడుగులు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు. డ్రైవర్ బస్సు నెమ్మది చేస్తాడు. ప్రవల్లిక అద్దానికి ముఖం ఆనించి చూస్తుంది.

ఆ నీళ్లలో, ఒక్కో గొడుగు కింద మాత్రమే, వాన పడుతోంది.