సర్వేనాడు సుగుణమ్మ

బియ్యం బస్తాను గోడవారకు ఈడ్చి, సుగుణమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కరెంటు బోర్డు ముందు ఇంకా బోలెడు సామాను ఉంది. పేపర్ టవల్స్ కట్టలు, బొమ్మల కొలువు అట్టపెట్టెలు, అనిక చిన్నప్పటి తోపుడుబండి. అన్నీ తీసేయాలి. బోర్డు కనపడాలి, ఫర్నేస్ చుట్టూ మనిషి తిరిగేంత జాగా ఉండాలి, పైన అటక నిచ్చెన కింద ఏమీ అడ్డుండకూడదు. గీతాంజలి పొద్దున్నే ఒకటికి రెండుసార్లు చెప్పింది. పదకొండింటికి సర్వే అతను వస్తాడు.

సుగుణమ్మ పొట్టి మనిషి. చీర మీద బూడిదరంగు స్వెటరు, కాళ్ళకు ఉన్ని సాక్సు, సాక్సుల మీదే రబ్బరు చెప్పులు. గోళ్ళలో పసుపు ఎన్ని సబ్బులు రుద్దినా పోదు. పార్సిప్పనీలోని ఈ ఇంట్లో ఆమెకు బేస్‌మెంట్‌లో ఒక గది ఇచ్చారు. వంట చేస్తుంది, అనికను చూసుకుంటుంది. అనిక పొత్తిళ్ళలో ఉన్నప్పుడు వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు స్కూలు బస్సెక్కి వెళుతోంది. పిల్ల ‘అమ్మమ్మా’ అంటుంది. పిల్ల తల్లి గీతాంజలి, తండ్రి కౌశిక్ ‘ఆంటీ’ అంటారు. శుక్రవారం సాయంత్రం పిస్కాటవే నుంచి తమ్ముడు మల్లికార్జున్ వచ్చి తీసుకువెళతాడు, ఆదివారం తెచ్చి దింపుతాడు. ఇవాళ శుక్రవారమే.

ఆమె గదికీ ఫర్నేస్‌కూ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ ఫర్నేస్ ఇల్లంతా వేడిగాలి పంపుతుంది గానీ, గోడ పక్కనే ఉన్న సుగుణమ్మకు మాత్రం పంపదు. దీపం కిందే చీకటి అంటే ఇదే కాబోలు. చిన్న హీటర్ పెట్టుకుంటే పైన కౌశిక్ ఆఫీసు గదిలో కరెంటు పోతుంది. అందుకని మంకీ క్యాప్ పెట్టుకుని, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోవడం అలవాటు చేసుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పుకుంటే చులకన అని ఆమె నమ్మకం.

ఇప్పుడు ఆ ముసలి ఫర్నేస్‌కు కాలం చెల్లింది. దాని బదులు హీట్ పంప్ పెట్టిస్తున్నారు. ఎండాకాలం చల్లగాలి, చలికాలం వేడిగాలి, రెండూ ఒకే మెషీన్ ఇస్తుందట. గదికొక తెల్లటి పెట్టె గోడకు బిగిస్తారట. “ప్రతి రూమ్‌కీ ఒకటి వస్తుంది ఆంటీ, ఎవరికి కావాల్సిన వేడి వాళ్ళు సెట్ చేసుకోవచ్చు” అని గీతాంజలి అన్ననాటి నుంచీ సుగుణమ్మకు కాలు నిలవడం లేదు. తన గదిలో ఆ పెట్టె ఎక్కడ పెట్టాలో కూడా తేల్చేసుకుంది. తలవైపు గోడకైతే గాలి ముఖానికి కొడుతుంది, కాళ్ళవైపే మేలు.

సామాను సర్దేసి, స్నానం చేసి, నారాయణపేట చీర కట్టుకుని పైకి వచ్చింది. జేబురుమాలులో గ్రీన్‌కార్డు చుట్టి పట్టుకుంది.

గీతాంజలి ల్యాప్‌టాప్ మీంచి తలెత్తి చూసింది. “ఏంటి ఆంటీ, ఇంత తొందరగా రెడీ అయ్యారు? మీ తమ్ముడు వచ్చేది సాయంత్రం కదా?”

“సర్వే అంటివి గద బిడ్డా. మనుషులను రాసుకుంటరు గదా. కార్డు తీసి పెట్టిన.”

గీతాంజలి పకపకా నవ్వింది. “అయ్యో ఆంటీ! మనుషుల సర్వే కాదు, ఇంటి సర్వే. గోడలూ కిటికీలూ మెజర్ చేసుకుని పోతాడు, అంతే.”

సుగుణమ్మ కూడా నవ్వేసింది. చీర మాత్రం మార్చలేదు.

నవ్వితే నవ్వనీ. సర్వే అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పాలా? తెలంగాణలో ఇంటింటి సర్వే జరిగిననాడు ఆమె హైదరాబాదులో లేడీస్ హాస్టల్లో వంట చేస్తోంది. ఆ రోజు ఇంట్లో లేనివాళ్ళు లెక్కలోనే ఉండరని ఊరంతా పుకారు. ఓనరు వద్దన్నా వినకుండా, కిక్కిరిసిన బస్సులో నిలబడి జనగామ దాటి అత్తగారి ఊరికి పోయింది. తీరా పోతే, రాసుకోవడానికి వచ్చిన పిల్లతో బావగారు “ఈమె మా ఇంట్ల లేదు, ఏరే ఉంటది” అని కుండబద్దలు కొట్టాడు. చనిపోయిన తన తమ్ముడి పెళ్ళాం రేపు వాటా అడుగుతుందేమోనని ఆయన భయం. ఆ పిల్ల పేచీ పెట్టుకోలేదు. ఇంకో కాగితం తీసి, కుటుంబ యజమాని అన్నచోట సుగుణమ్మ పేరు రాసింది. “ఒక్కరున్నా కుటుంబమేనమ్మా” అంది. ఆ మాటకు సుగుణమ్మ తిరుగు బస్సులో దారి పొడుగునా తనలో తాను నవ్వుకుంటూనే ఉంది.

“ఆంటీ,” గీతాంజలి మళ్ళీ పిలిచింది. ఈసారి తలెత్తలేదు. “మీ మంచం మడిచేసి, పరుపు గోడకి నిలబెట్టేయండి. బట్టలు అట్టపెట్టెలో వేసేస్తే బెటర్.”

“ఎందుకు బిడ్డా?”

“కొలతలకి ఈజీగా ఉంటుందని.”

నిజమే కాబోలు అనుకుంది సుగుణమ్మ. మంచం మడిచింది. పరుపు నిలబెట్టింది. దేవుడి పటం కూడా తీసి బట్టల మీద బోర్లా పెట్టింది. మేకు మాత్రం గోడకే మిగిలింది.

సర్వే అతను చెప్పిన వేళకే వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. గుమ్మంలోనే బూట్లకు నీలం తొడుగులు వేసుకుంటే సుగుణమ్మకు ముచ్చటేసింది. పలక లాంటి ట్యాబ్ పట్టుకుని గదిగదీ తిరిగాడు. కిటికీలు కొలిచాడు, అటకెక్కి దిగాడు, గోడల మీద లేజరుతో చిన్న ఎర్రచుక్క వేసి దూరం చూశాడు. వెనకే కౌశిక్. వాళ్ళ వెనక టీ పళ్ళెంతో సుగుణమ్మ.

ఆమెకు ఇంగ్లిష్ రాదని ఇంట్లో అందరి నమ్మకం. నమ్మకాలదేముంది, ఎవరివి వాళ్ళవి. ఇంట్లో ఎంతమంది ఉంటారని అతను అడిగింది ఆమెకు చక్కగా అర్థమైంది. చూశావా, మనుషుల లెక్క కూడా ఉంది! ఆమె చీర కొంగు సర్దుకుంది.

“థ్రీ,” అన్నాడు కౌశిక్.

మరిచిపోయాడేమో అనుకుంది. కౌశిక్, గీతాంజలి, అనిక. వేళ్ళ మీద లెక్క సరిగ్గా మూడే వచ్చింది. నాలుగో వేలు అలాగే నిలబడి ఉంది.

బేస్‌మెంట్‌లోకి దిగారు. అతను ఆమె గది తలుపు తీసి లోపలికి తొంగి చూశాడు. ఇక్కడెవరైనా పడుకుంటారా అని అడిగాడు.

“నో, నో. జస్ట్ స్టోరేజ్.”

బియ్యం బస్తాలు పెట్టే చోటును ఇంట్లో స్టోరేజ్ అంటారు. ఆ మాట ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. అతను తలూపి, ట్యాబ్ మీద ఏదో నొక్కి, తలుపు మూసేశాడు. మిగతా గదుల్లో పెట్టె ఎక్కడ రావాలో వేలు పెట్టి చూపించినవాడు, ఈ గదిలో ఏ గోడనూ చూపించలేదు.

అతను వెళ్ళిపోయాక కౌశిక్ వంటింట్లోకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. కాస్త సిగ్గుపడుతూనే చెప్పాడు. “ఆంటీ, ఏమీ అనుకోకండి. ఆ రూమ్‌కి విండో లేదు కదా. బెడ్‌రూమ్ అని చెప్తే టౌన్‌షిప్‌లో పర్మిట్ ప్రాబ్లమ్ అవుతుంది. కప్పుకోవడానికి మీకు ఇంకో మంచి కంఫర్టర్ ఆర్డర్ చేస్తాలెండి.”

“గట్లనా బిడ్డా. మంచిది,” అంది సుగుణమ్మ. బెండకాయలు తరగడం ఆపలేదు.

బాధ వేసింది. చాలా బాధ వేసింది. చలి ఆమెకు కొత్త కాదు, పెట్టె రాకపోతే పోయింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని జో కొట్టిన మనిషి ఇంటి లెక్కలో లేదు. అక్కడ బావకు వాటా భయం, ఇక్కడ వీళ్ళకు పర్మిట్ భయం. భయం ఎవరిదైనా లెక్కలోంచి పోయేది మాత్రం తనే. బెండకాయ కూర వేయించి, చారు పెట్టి, ఇద్దరికీ వడ్డించింది. తను రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంది.

తర్వాత కిందికి దిగి తమ్ముడికి ఫోన్ చేసింది. “తమ్మీ, మీ పక్కింటి నమ్రత కాన్పుకు తోడు కావాలన్నది గదా. ఇంకెవరన్న దొరికిన్రా?”

“లేదక్కా. నువ్వొస్తే దేవుడొచ్చినట్టే అంటుంది.”

“ఆ పిల్లకు ఒక్క మాట చెప్పు. నేనుండే అర్రకు కిటికీ ఉండాలె. ఇంట్ల ఎందరని ఎవరన్న అడిగితే, నన్ను గూడ చెప్పాలె.”

మల్లికార్జున్‌కు ఆ రెండో మాట బోధపడలేదు. అయినా చెబుతానన్నాడు. బట్టలు ఎలాగూ అట్టపెట్టెలోనే ఉన్నాయి. సంచుల్లోకి మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు.

మూడున్నరకు అనిక బస్సు దిగింది. సుగుణమ్మ పాలు కలిపి ఇచ్చింది, చిక్కులు తీసి జడ వేసింది. వేసిన జడ విప్పి మళ్ళీ వేసింది.

“అమ్మమ్మా, సండే వస్తావ్ కదా?”

“మంచిగ సదువుకో బంగారం. అమ్మను సతాయించకు,” అని పిల్ల నెత్తి వాసన చూసింది.

చీకటి పడుతుండగా తమ్ముడి కారు వచ్చి ఆగింది. గీతాంజలి మీటింగ్‌లో ఉంది, ఒక చెవిన ఇయర్‌ఫోన్. ఏ శుక్రవారమైనా సుగుణమ్మ “పోయొస్త బిడ్డా” అనేది. గడప దాటేటప్పుడు మన వాళ్ళెవరైనా ‘వస్త’ అనే మాట కలపకుండా కదులుతారా?

“పోత బిడ్డా,” అంది సుగుణమ్మ.

“ఓకే ఆంటీ, సండే సిక్స్‌కల్లా వచ్చేయండి, ప్లీజ్,” అంది గీతాంజలి స్క్రీన్ చూస్తూనే.

మల్లికార్జున్ డిక్కీ తెరిచి, సంచుల వంక చూశాడు. “ఏందక్కా, ఇన్ని తెచ్చినవ్?”

“తొవ్వల చెప్త. నడువు,” అని సుగుణమ్మ ముందు సీట్లో కూచుని బెల్టు పెట్టుకుంది. కారు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. తిరిగాక చూసింది, అప్పటికి ఇల్లు కనపడలేదు.

గీతాంజలి మీటింగ్ ముగించుకుని వంటింట్లోకి వచ్చేసరికి పొయ్యి తుడిచి ఉంది, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. చలికి పిండి పులవదని సుగుణమ్మ ఆఖరిసారి రుబ్బిన ఇడ్లీపిండిని అవెన్‌లో పెట్టి లోపలి లైటు వేసి వెళ్ళింది. ఆ పసుపు వెలుగు వెచ్చదనంలో, మూత పెట్టిన గిన్నెలో పిండి మెల్లగా పొంగుతోంది.