దశరథ విప్పిన గేరు

గడ్డం కింద చర్మాన్ని సాగదీసి పట్టుకుని తోమా రేజరు పైకి లాగాడు. ముసలాయన మెడ సన్నగా, ముడతలు ముడతలుగా ఉంది. కత్తి కాస్త జారితే చాలు. జారలేదు. ఐర్లండ్‌లోని స్లైగో ఊరి చివర ఈ వృద్ధాశ్రమంలో కేరర్‌గా చేరిన నాటి నుంచీ ఎందరి గడ్డాలో గీశాడు, ఒక్కరికీ గాటు పడలేదు.

"నిద్ర పట్టిందా ఉస్తాద్?" అని అరబ్బీలో అడిగాడు.

"నీది గాడిదల అరబ్బీ," అన్నాడు నబీల్.

కూలీల అరబ్బీయే మరి! కువైట్‌లో 'సౌత్ అల్ మర్ఫా' దినపత్రిక అచ్చుయంత్రం దగ్గర నేర్చుకున్నది. పై అంతస్తులో సంపాదకుడు నబీల్. కింద నేలమాళిగలో, రాజంపేట నుంచి వలస పోయిన తోమా, దశరథ. చెవులు పగిలే మోతలో, సిరా వాసనలో, చదవడం రాని పత్రికను తెల్లారేసరికి ఊరికి అందించేవాళ్లు. విధి వేళాకోళం కాకపోతే, డాక్టరు కొడుకు వెంట ఆయనా, నర్సు భార్య దేవకుమారి వెంట ఇతనూ వచ్చి ఈ వానల ఊళ్లో పడాలా? నేనూ అక్కడే పనిచేశానని తోమా మొదటి రోజే చెప్పుకున్నాడు. "చాలామంది ఉండేవారు," అని ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

టీ అయ్యాక మనవరాలు లీనా వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తాత పత్రిక చరిత్ర రాస్తోంది. రాయకపోతే ఎవరికి గుర్తుంటుంది? పేజీలు తగ్గి తగ్గి, అచ్చు ఆగి, చివరికి వెబ్‌సైటు కూడా మూతపడింది. ఆమె ఫోనును దుప్పటి మీద పెట్టి రికార్డింగ్ నొక్కింది. తోమా గిన్నె, తువ్వాలు సర్దుతూ అక్కడే నిలబడ్డాడు.

ముత్యాల వ్యాపారి ఒకడు రేకుల షెడ్డులో పత్రిక మొదలుపెట్టాడట. సెన్సారు వాళ్లు వార్త కొట్టేస్తే, ఆ చోటు తెల్లగా వదిలేసి మరీ అచ్చేశారట. చెబుతూ చెబుతూ నబీల్ ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన రోజుల దగ్గరికి వచ్చాడు.

"సైనికులు మా యంత్రం మీద వాళ్ల పత్రిక వేయాలనుకున్నారు. నేను కిందికి దిగి, నా చేతులతో గేరు విప్పి సముద్రంలో పారేశాను. కూలీలు అప్పటికే పారిపోయారు."

తోమా గిన్నె కింద పెట్టి ఆయన చేతుల వంక చూశాడు. ఈ చేతులా? ఇవి ఎప్పుడైనా స్పానరు పట్టాయా? గేరు విప్పింది దశరథ. నబీల్ సూట్‌కేసు పట్టుకుని మెట్ల మీద నిలబడి చూశాడు. మర్నాడు సైనికులు దశరథను జీపెక్కించారు, అంతే. మనిషీ రాలేదు, కబురూ రాలేదు.

"గేరు ఇప్పింది మీరు గాదు ఉస్తాద్," అన్నాడు. "మా దశరథ. అతని పెండ్లాన్ని ఊర్లో ఇంకా పారిపోయినోని పెండ్లామనే అంటారు. ఒక్క పేరు చెప్పండి, చాలు. మీ పేరు తీసెయ్యమని నేననడంలే."

లీనా తాత మొహంలోకి చూసింది. నబీల్ కళ్లు మూసుకున్నాడు.

"అలాంటివాడెవడూ లేడు."

"గ్రాండ్, థామస్. తర్వాత చూద్దాం," అని ఈ ఊరివాళ్ల పద్ధతిలో 'సరే' అనేసి ఆ పిల్ల ఫోనును తనవైపు జరుపుకుంది.

పొద్దున గడ్డం గీసిన చేత్తోనే మధ్యాహ్నం ఆయనకు సూపు తాగించాడు, మూతి తుడిచాడు. ఉద్యోగం కదా! పేపరు కావాలని ఆయన అడిగితే లోకల్ పేపరు తెచ్చి మంచం మీద విసిరేశాడు. నడవాలోకి వెళ్లి భార్యకు ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"మనకెందుకబ్బా ఆ పాత గొడవ," అంది దేవకుమారి. "ఆయప్ప ఈ పొద్దో రేపో పోయేటోడు."

ఆమె నోటి మాట నిజమైంది. సాయంత్రం టీ తీసుకుని వెళ్లేసరికి నబీల్ ఊపిరి ఆగిపోయి ఉంది. నర్సు వచ్చి చూసి, కొడుక్కి ఫోన్ చేసింది. లీనా నడవాలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తోమా వేడినీళ్లు తెచ్చి ఒళ్లు తుడిచాడు. అక్షరాలకే అలవాటుపడ్డ ఆ మెత్తటి వేళ్లను ఒక్కొక్కటే తుడిచాడు. ఇంక అడగడానికి ఎవరున్నారు? ఆ పిల్ల రాసే చరిత్రలో గేరు విప్పేది నబీలే. సొమ్మొకడిది, సోకొకడిది.

దిండు మార్చబోతే కింద కాగితం తగిలింది. విసిరేసిన లోకల్ పేపరే, టోపీగా మడిచి ఉంది. జుట్టుకు సిరా అంటకుండా అచ్చు పనివాళ్లందరూ పెట్టుకునేదే, కానీ మెడ కప్పేలా వెనక తోక వదిలి మడిచేది దశరథ ఒక్కడే. ఒక పండగనాడు మిఠాయి పంచడానికి కిందికి దిగిన ఉస్తాద్ నెత్తిన అతను అలాంటిదే పెడితే, ఆయన నవ్వి, మడత నేర్పించుకుని మరీ పైకెళ్లాడు.

"ఎరికే గదయ్యా నీకు!" అన్నాడు తోమా శవంతో. "అన్నీ ఎరికే!"

బయట ఏడుస్తున్న పిల్లకు చూపించి మాత్రం ఏమని చెప్పాలి? ఆమెకది ఉత్త కాగితం టోపీ.

శవాన్ని తీసుకెళ్లిపోయారు. దుప్పట్లు తీసేసిన పరుపు మీద ఆ టోపీ ఒక్కటే మిగిలింది, నుదుటి మీద పశువుల సంత ప్రకటన, వెనక కాస్త వంకరగా తోక.