పథ్యం లేని మందు

నేను ఒక మాత్రల సీసాని. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, నీలం మూత, జానెడు కూడా లేని ఎత్తు. అత్తరు సీసానో తేనె సీసానో అయితే జనం ముచ్చటగా తిప్పి తిప్పి చూస్తారు. మందు సీసాని ఎవరు చూస్తారు చెప్పండి. నాకేం బాధ లేదు లెండి. పనికొచ్చినదాన్నన్న తృప్తి నాకుంది, అందుకే ఈ నాలుగు ముక్కలు చెప్పుకుంటున్నాను.

హైదరాబాదు అవతల ఒక కర్మాగారంలో పుట్టాను. సగ్గుబియ్యంలాంటి ప్లాస్టిక్ గింజల్ని కరిగించి, అచ్చులో పెట్టి, లోపలికి గాలి ఊదితే పొట్ట ఉబ్బి సీసానయ్యాను. ఇంకోచోట ముప్పై మాత్రలు లెక్కపెట్టి నాలో పోశారు. మూతి మీద వెండి కాగితం అతికించి మూత బిగించారు. ఆ మూత నొక్కిపట్టి తిప్పితేగానీ రాదు. పిల్లలు తియ్యకుండా ఆ ఏర్పాటట. తీరా చూస్తే పెద్దవాళ్లే దానితో కుస్తీ పడుతుంటారు.

నా మాత్రలు హెచ్‌ఐవీకి. ఆ క్రిమిని ఒంట్లోంచి పూర్తిగా తరిమెయ్యలేవు గానీ, రోజూ ఒకటి చొప్పున వేసుకుంటే దాన్ని లేవకుండా పడుకోబెడతాయి. లారీలో కుదుపులు తింటూ గోదావరి జిల్లాకొచ్చి, ఒక పెద్దాసుపత్రిలో, హెచ్‌ఐవీ మందులిచ్చే, ఏఆర్‌టీ కేంద్రం అని రాసి ఉన్న గదిలో అలమరాలో కూర్చున్నాను. అక్కణ్ణించి నన్ను తీసుకున్నవాడు గంగరాజు, వంట మేస్త్రి, వయసు నలభై నాలుగు. వందల పెళ్లిళ్లకు వండాడు గానీ తను పెళ్లి చేసుకోలేదు. జబ్బు ఎలా వచ్చిందని నేనడగలేదు. అలాంటి ప్రశ్నలు మనుషులే అడుగుతారు.

అక్కడి కౌన్సిలరు ఎస్తేరు మేడం నన్ను అతని చేతిలో పెట్టి నిదానంగా చెప్పింది. రోజుకి ఒకటి, ఒకే వేళకి. మొదట్లో కడుపులో తిప్పొచ్చు, తల దిమ్ముగా ఉండొచ్చు, నిద్ర సరిగ్గా పట్టకపోవచ్చు. చాలామందికి రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. ఏం తేడా అనిపించినా వచ్చి చెప్పాలి, సొంతంగా మానెయ్యకూడదు.

"మరి పథ్యం అండి?" అన్నాడు గంగరాజు.

"పథ్యం ఏమీ లేదు. అన్నీ తినండి. కడుపునిండా తినండి."

గంగరాజు నావైపు అనుమానంగా చూశాడు. ఇంత పెద్ద జబ్బుకి పథ్యం లేని మందా? ఆ చూపుకి నాకు భలే చిన్నతనంగా అనిపించింది.

దారిలో ఒక కిళ్లీ కొట్టు వెనక నిలబడి నా ఒంటి మీది చీటీని గోళ్లతో గీకేశాడు. ఇంట్లో అక్క మంగాయమ్మ ఉంది మరి. భర్త పోయాక తమ్ముడి దగ్గరికొచ్చి ఇల్లు నడుపుతోంది. ఆవిడ నన్ను చూడగానే "ఏం మాత్రల్రా అవి?" అంది. ఆ ఒక్క క్షణంలో మనవాడి నోటికి ఏమొచ్చిందో తెలుసా?

"కామెర్లే అక్కా."

ఇంకేముంది. ఇన్ని జబ్బులుండగా వెదికి వెదికి కామెర్లే చెప్పాడు మహానుభావుడు. కామెర్లంటే ఆ ఇంట్లో ఉప్పు బంద్, నూనె బంద్, పులుపు బంద్, పసుపు కూడా బంద్. మంగాయమ్మ ఆ పూటే కొంగు దోపింది. గంజి, ఉడికించిన బీరకాయ, ఉప్పు వెయ్యని మజ్జిగన్నం. వద్దనడానికి గంగరాజుకి నోరేది? పైగా మందన్నాక పథ్యం ఉండాల్సిందేనన్న నమ్మకం అతనికీ ఉందాయె. మంచిదే అనుకుని తలొంచుకు తిన్నాడు.

చప్పిడి కూడు ఎంతని దిగుతుంది? నాలుగు ముద్దలు తిని, పైన నా మాత్ర మింగి పడుకునేవాడు. ఎస్తేరు మేడం చెప్పినట్టే కడుపులో తిప్పడం మొదలైంది. దానికి ఆకలి తోడైంది. తల దిమ్ముకి నీరసం తోడైంది. నా వల్ల వచ్చిందేదో, పథ్యం వల్ల వచ్చిందేదో తేల్చడం ఎవరి తరం? నింద మాత్రం అంతా నాకే. రోజూ నన్ను చేతిలోకి తీసుకుని, "నువ్వు నన్ను బాగు చేస్తావా, తినేస్తావా?" అన్నట్టు చూసేవాడు. ఆ చూపు తల్చుకుంటే నాకిప్పటికీ జాలేస్తుంది.

పదమూడో రోజున ఒక పెళ్లి వంట. గంగరాజు రుచి చూసే పద్ధతి ఒకటుంది. గరిటెతో పులుసు చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకి అంటించుకుని, ఉప్పు చాలిందో లేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు. పాతికేళ్లలో ఒక్కసారి తప్పలేదు. ఆ రోజు పప్పు చప్పగా ఉంది, పనసపొట్టు కూర ఇంకా చప్పగా ఉంది. రెండో పంక్తి లేచేసరికి ఉప్పు గిన్నెలు వడ్డించాల్సొచ్చింది. పన్నెండు రోజులు ఉప్పు ముట్టని నాలుకకి చిటికెడు ఉప్పే ఎక్కువనిపించిందని నాకు అర్థమైంది. చెప్పడానికి నాకు నోరున్నా మూత ఉందిగా.

గంగరాజు మాత్రం నావల్లే నాలుక చచ్చిపోయిందనుకున్నాడు. నాలుక లేని వంట మేస్త్రిని ఎవరు పిలుస్తారు? పద్నాలుగో మాత్ర ఎలాగో వేసుకున్నాడు. తర్వాత రెండు రోజులు నా మూత తియ్యలేదు. నాకు నిజంగా భయమేసింది. నేను ఖాళీ కాకుండా ఉండిపోతే అతని ప్రాణానికే ముప్పు.

మూడో రోజు పొద్దున్నే నన్ను సంచిలో వేసుకుని పోయి ఎస్తేరు మేడం బల్ల మీద పెట్టాడు.

"ఈ మందు నాకు పడదండి. నాలిక పోయింది. ఇంకో నెల వాడితే మనిషినే పోతాను."

ఆవిడ కోప్పడలేదు. "ఏం తింటున్నారు?" అంది.

చెప్పాడు.

"ఎవరు పెట్టమన్నారు ఆ పథ్యం?"

"మా అక్కండి. కామెర్లని చెప్పానండి."

ఎస్తేరు మేడం పెదవి బిగపట్టింది గానీ నవ్వు ఆగలేదు. గంగరాజు బిక్కమొహం చూసి సర్దుకుని, డాక్టరు గారికి చూపించింది. ఆయన పరీక్షించి, మాత్ర వేళ మార్చమన్నాడు. రాత్రి వద్దు, పొద్దున టిఫిను తిన్నాక వేసుకుంటే కడుపుకీ నిద్రకీ మంచిది. మానేసిన మాత్రలకి బదులుగా రెండేసి మింగొద్దు. ఉప్పూ కారం తినాలి.

"అక్కకేం చెప్పనండి?" అని ఎస్తేరు మేడాన్ని అడిగాడు.

"కామెర్లు తగ్గాయని చెప్పొచ్చు. తగ్గాక ఈ మాత్రలెందుకని అడిగితే ఏం చెప్తారు? మీ ఇష్టమండి. చెప్పమని బలవంతం లేదు."

ఆ మధ్యాహ్నం మంగాయమ్మ బీరకాయ గిన్నె తెచ్చి ముందు పెట్టింది. గంగరాజు నన్ను గిన్నె పక్కన పెట్టి, నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పేశాడు. ఇల్లు వదిలి పొమ్మన్నా పోతానన్నాడు. ఇల్లు తనదేనన్న సంగతి కూడా మర్చిపోయాడు పాపం.

మంగాయమ్మ బీరకాయ గిన్నె వెనక్కి లాగేసుకుంది. తర్వాత, "నీ కంచం వేరే పెట్టాలా?" అంది.

"అక్కర్లేదన్నారక్కా. కలిసి తింటే రాదంట."

"ఎలాగూ పెట్టను. అడిగానంతే."

అప్పుడు ఏడ్చింది ఆవిడ. జబ్బు గురించి కాదు. "ఇన్ని రోజులు చప్పిడి కూడు పెట్టానేంట్రా నీకు! నోరెత్తి ఒక్క మాట అనవేం? చేపల పులుసు పెట్టాల్సినోడికి గంజి పోశానే" అంటూ ముక్కు చీదింది. ఆ ఏడుపులోనే లేచి చింతపండు నానేసింది.

వారం తిరిగేసరికి వికారం తగ్గింది. నిద్ర మెల్లగా దారికొచ్చింది. తర్వాతి పెళ్లిలో పనసపొట్టు కూర మూడోసారి అడిగి వేయించుకున్నారట.

నెల తిరిగాక నన్ను పట్టుకుని అక్కా తమ్ముడూ ఇద్దరూ ఆసుపత్రికి వచ్చారు. ఎస్తేరు మేడం నన్ను వంచితే రెండు మాత్రలు అరచేతిలో పడ్డాయి. ఆవిడ అడిగేలోపే మంగాయమ్మ అందుకుంది.

"ఆ రెండు రోజులూ తప్పు నాదమ్మా. పిల్లోణ్ణి కడుపు మాడ్చాను."

"ఊరుకో అక్కా, అబద్ధమాడింది నేను. తప్పు నాది."

"నువ్వాడితే మాత్రం, పెంచినదాన్ని, నాకు తెలియొద్దూ?"

మనుషులు తప్పు ఎదుటివాళ్ల మీదికి తోసెయ్యడం నేను చూశాను. ఇలా నాదంటే నాదని లాక్కోవడం అప్పుడే చూశాను. ఎస్తేరు మేడం తగువు తీర్చడానికి కొత్త సీసా తీసి మంగాయమ్మ చేతిలో పెట్టింది.

నన్ను పారెయ్యలేదు. మూత గట్టిదని మంగాయమ్మ కడిగి ఆరబెట్టి నాలో మెంతులు పోసింది. నా తర్వాత ఎన్నో సీసాలొచ్చాయి, ఖాళీ అయ్యాయి. గంగరాజు కాస్త ఒళ్లు కూడా చేశాడు. రోజూ పొద్దున మంగాయమ్మ వీధి అరుగు మీంచి "ఒరే, మాత్ర వేసుకున్నావా?" అని కేకేస్తుంది. మొన్న ఎదురింటావిడ ఉండబట్టలేక అడిగింది, ఇన్నేళ్లుగా ఆ మాత్ర దేనికని.

"బతకడానికి" అంది మంగాయమ్మ.